బతికున్న పగడం

పగడాల దిబ్బ మీద పడవ ఆగింది. మెరెయానీ కెమెరాను నీళ్లు చొరని పెట్టెలో బిగించబోతోంది. నీళ్లలోకి దిగాక ఇక లెన్సు మార్చడం కుదరదు. పడవ నడిపే అన్న సాకియూసా ఆమె చేతుల వంకే చూస్తున్నాడు.

“వైడ్ లెన్సు ఎందుకే? మాక్రో పెట్టు.”

“దిబ్బంతా చచ్చి తెల్లబడింది అన్నయ్యా. అది వైడ్‌లో అయితేనే కనబడుతుంది.”

“అందుకే వద్దంటున్నా. ఆ ఫొటో చూశాక మన పడవ ఏ టూరిస్టు ఎక్కుతాడు? బతికున్న పగడాన్ని ఒక్కదాన్ని దగ్గరగా తియ్యి, చాలు.”

“శవం వేలికున్న ఉంగరాన్ని ఫొటో తీసి, పెళ్లికూతురని చెప్పమంటావా?”

“నీకు చదువు చెప్పించింది ఈ దిబ్బే. మా ఇంట్లో పొయ్యి వెలిగేదీ దీనివల్లే. నీకేం, వారం ఉండి సువా నగరానికి వెళ్లిపోతావు.”

మాట తగలాల్సిన చోటే తగిలింది. మెరెయానీ వైడ్ లెన్సు ఊడదీసి, మాక్రో బిగించి, నీళ్లలోకి దూకింది. చాలాసేపటికి రొప్పుతూ పైకి వచ్చి పడవ అంచు పట్టుకుంది.

“దొరికిందా?”

“దొరికింది. అరచేయంత ఉంది. అరగంట వెతికితే అదొక్కటే.”

“చోటు గుర్తుపెట్టుకో. రేపు టూరిస్టుల్ని తిన్నగా అక్కడికే తీసుకెళ్దాం.”