ఓడెక్కిన జాడీ

మామిడి తోట గేటు అవతల పనిగంట కొట్టడానికి ఇంకా అరగంట ఉంది. ఇవతల మల్లయ్య టీ కొట్టు దగ్గర పధ్నాలుగు మందిమి, ఎవరి తరవాణి ముంత వాళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాం. ఈ ఏడు తోట వేలం పాడుకున్న కొత్త కాంట్రాక్టరు నిన్న సాయంత్రం హుకుం వేశాడు: బయటి ముంత, బయటి గిన్నె ఇక లోపలికి రాకూడదట. లోపల వాళ్ళ బావమరిది హోటలు పెట్టాడు. దాహమైనా ఆకలైనా అక్కడికే వెళ్ళాలి. రోహిణి ఎండలో నిచ్చెనెక్కి కాయ కోసేవాళ్ళకి వేడి టీ! రాత్రి గంజిలో పులిసిన ఆ పుల్లటి తరవాణి చల్లగా కడుపులో పడకపోతే మధ్యాహ్నానికల్లా కళ్ళు తిరిగి కాయల కంటే ముందు మేమే రాలతాం. ముంతలతోనే లోపలికి వెళ్ళడమా, కొట్లో దింపేసి వెళ్ళడమా, ఇళ్ళకి పోవడమా అన్నది ఎవరికీ తేలడం లేదు. వాచ్‌మన్ నరసింహులు గేటుకి అడ్డంగా కర్ర పట్టుకుని మా వైపే చూస్తున్నాడు.

అప్పుడు గొంతు సవరించుకున్నాడు మా చిన్నరాయప్ప బాబాయి. ఆయన గొంతు సవరించాడంటే మల్లయ్య పొయ్యి మీద ఇంకో గిన్నె నీళ్ళు పెడతాడు. కథ అయ్యేలోపు అందరూ రెండో టీ తాగుతారని మల్లయ్యకి తెలుసు.

"ముంత రాకూడదంటాడా? హు! ఈ రూలు నాకు కొత్తేంటర్రా? నాలుగేళ్ళ కిందటే నడి సముద్రంలో, ఓడ మీద చూశాను దీన్ని. మన చిన్నరసాలు వాగన్లో వేసుకుని నూజివీడు స్టేషన్నుంచి మద్రాసు వెళ్ళానా లేదా, మల్లయ్యా, నువ్వే సాక్షి."

"స్టేషను దాకా సాక్షినే," అన్నాడు మల్లయ్య.

"చాలు. అక్కడ రేవులో షావుకారు నా చేతులు పట్టుకున్నాడు. సింగపూరు దాకా పండు చెడకుండా చూసుకోవాలంటే నువ్వు తప్ప దిక్కెవరోయ్ అని ఒకటే బతిమాలితే, పోనీలే పాపం అని ఓడెక్కాను. చేతిలో ఏముందో తెలుసా? ఇదిగో, ఇక్కడే కూర్చున్న మా అక్క ఆరోగ్యం ఇచ్చిన జాడీ. ఆవకాయ జాడీయే గానీ అందులో ఆవకాయ లేదు. రెండు వందల చిన్నరసాలు పిండి, పైన వాసెన గుడ్డ కట్టి, పదకొండు రోజులు పులియబెట్టిన రసం ఉంది. దొరలు దాన్ని వైనంటారు. గుళ్ళో ఫాదరు గారు ఎత్తే ద్రాక్షారసం చూశారే, దానికి పెద్దన్న."

"బాబాయ్, ప్రొహిబిషన్ కదా! మద్రాసు పోలీసులు ఊరుకున్నారా?" అన్నాను నేను.

"ఒసే సరోజా, ప్రొహిబిషన్ నేల మీదేనే పిచ్చిదానా. నేల మీదున్నంతసేపూ అది ఉత్త మామిడి రసం. నేను ఓడ మీద కాలు పెట్టాకే అది వైనయింది. నూజివీడు కాయకి ఆ మాత్రం తెలివుండదా? సరే, ఓడెక్కే నిచ్చెన దగ్గర తెల్లబట్టల బట్లరొకడు అడ్డం పడ్డాడు. ఏంటది అన్నాడు. ఆవకాయన్నాను. గుడ్డ దగ్గర ముక్కు పెట్టాడు. పెట్టినవాడు పెట్టినట్టే కళ్ళు మూసుకుని, మూడు నిమిషాలు, అచ్చం మన తోటలో దిష్టిబొమ్మలా నిలబడిపోయాడు. ఆ మూడు నిమిషాల్లో నేను పైకెళ్ళి మంచం వేసుకున్నాను."

ఇంతవరకూ నమ్మచ్చులే అన్నట్టు మల్లయ్య తల ఊపాడు.

"రాత్రి భోజనాల హాలు. హాలంటే మన రెడ్డిగూడెం మొత్తం అందులో పట్టి, ఇంకా బండ్లు తిప్పుకోడానికి చోటు మిగులుతుంది. దొరలూ దొరసానులూ పట్టుబట్టల్లో కూర్చున్నారు. నేను వెళ్ళి మధ్య బల్ల మీద జాడీ పెట్టి గుడ్డ ముడి విప్పాను. అంతే, ఆరు వందల ముక్కులు ఇటు తిరిగాయి. మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. ఓడలో ఓడవాళ్ళ వైనే తాగాలి, బయటిది తేకూడదు, తెచ్చావు గనక బిరడా తీసినందుకు రుసుం కట్టు అన్నాడు. చూశారా వాడి పెత్తనం! రసం నాది, గొంతు నాది, మధ్యలో బిరడా తీసినందుకు వాడికి రుసుమేంటి? నేనేమన్నానో తెలుసా? అయ్యా, ముందు బిరడా ఎక్కడుందో చూపించండి అన్నాను. జాడీకి బిరడా ఎక్కణ్ణించి వస్తుంది? మూడొందల పేజీల రూళ్ళ పుస్తకం తెచ్చి అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు తిరగేశాడు. గుడ్డ ముడి విప్పితే ఎంత కట్టాలో ఎక్కడా రాసి లేదు. పాపం, అక్కడే కూలబడి ఏడ్చాడు."

"నువ్వు ఓదార్చలేదా?"

"ఓ గరిటెడు పోశాను. అప్పుడు దిగాడమ్మా కెప్టెను! ఏడడుగుల మనిషి, మీసం ఒక్కో పక్కా జానెడు. జాడీ సముద్రంలో పారెయ్, లేకపోతే నువ్వు దిగు అన్నాడు. దిగుతా, ఓడ ఆపు అన్నాను. ఇది నడి సముద్రం అన్నాడు. అయితే ఏంటి, కృష్ణ వరదలో దున్నపోతుని వీపు మీద మోసుకుంటూ ఈదినోణ్ణి నేను, నాతో పాటు నా పద్దెనిమిది వందల గంపలూ దిగుతాయి, ఆనక పండు కావాలని ఏడవకండి అన్నాను. ఆ మాటకి ఆరు వందల మందీ కుర్చీలు వెనక్కి నెట్టి లేచారు. ఆయన దిగితే మేమూ దిగుతాం అన్నారు. ఏ భాషలో అన్నారని అడక్కండి, అర్థమైంది నాకు."

ముంతల మీద మా చేతులు కాస్త బిగిశాయి. గేటు దగ్గర నరసింహులు కూడా మెడ సాచాడు. రోడ్డు పెద్ద వెడల్పేం కాదు, అన్నీ వినిపిస్తాయి.

"ఆ తర్వాతేమైందో తెలుసా? తుపాను! బొగ్గు గదిలోకి నీళ్ళొచ్చి పొయ్యిలన్నీ చప్పున చల్లారాయి. మీసాలు తడిసి మూతికి అంటుకుపోయిన కెప్టెను నా ముందుకొచ్చి, రాయప్ప గారూ, మీరే దిక్కన్నాడు. గారూ అన్నాడు, గుర్తుపెట్టుకోండి! సరేనని ఇంజను నోట్లో ఒక్క గరిటె పోశాను. అంతే, ఓడ నీళ్ళ మీద నడిస్తే ఒట్టు. ఎగిరింది! కాకపోతే కొంచెం తూలింది. కూత వెయ్యబోయి పాటందుకుంది."

"జాడీ అయిపోలేదా బాబాయ్?"

"అవుతుందా? కానా ఊరి పెళ్ళిలో ప్రభువు నీళ్ళని ద్రాక్షారసం చేసిన ఆరు బానలు..."

"దేవుణ్ణి మధ్యలోకి లాక్కురాకు," అంది ఆరోగ్యం అత్త, తలకి గుడ్డ చుట్టుకుంటూ.

"సరే, లాక్కురాను. వాసన పట్టి తిమింగలాలొచ్చాయి. ఏడు. ఒక్కొక్కటీ కొండపల్లి కొండంత. వరసలో నోళ్ళు తెరిచాయి. తలా లోటాడు పోశాను, తోసుకోకుండా. ఆ విశ్వాసానికి ఏడూ ఓడ వెనక చేరి నెట్టాయి చూడండీ, మంగళవారం మద్రాసులో బయల్దేరిన ఓడ సోమవారానికల్లా సింగపూరు చేరింది."

"వచ్చే సోమవారానికేగా?"

"కాదు, ముందు సోమవారానికి. రేవులో వాళ్ళు మమ్మల్ని దిగనిస్తేనా? మీరింకా బయల్దేరనే లేదు, ఎలా దింపుకుంటాం అని ఒకటే గొడవ. ఆ ఒక్క రోజూ ఓడలోనే కూర్చున్నాం, మేం ఎప్పుడు బయల్దేరతామా అని చూస్తూ. అప్పుడు కెప్టెను అందరి ముందూ రూళ్ళ పుస్తకం సముద్రంలోకి విసిరేసి బోర్డు రాయించాడు, ఎవరి పానీయం వారిష్టం అని. ఇవాళ్టికీ ఏడు సముద్రాల్లో ఏ ఓడెక్కినా ఆ బోర్డుంటుంది. కింద నా వేలిముద్ర."

"సంతకం చెయ్యలేదా?"

"సంతకమైతే ఎవడైనా దొంగ సంతకం పెడతాడే. అంచేత చెప్పొచ్చేదేంటంటే, మన ముంత మనది! దాన్లో ఏం పోసుకుంటామో, ఎక్కడ తాగుతామో చెప్పడానికి కాంట్రాక్టరెవడు, వాడి బావమరిదెవడు? ఓడ కెప్టెనుకే తలవంచనోళ్ళం!"

ఆ ఊపుకి వెనక వరసలో ఇద్దరు లేచి నిలబడ్డారు. సరిగ్గా అప్పుడే గేటు లోపల గంట మోగింది. పదమూడు మొహాలూ బాబాయి వైపు తిరిగాయి.

బాబాయి లేచాడు. పంచె దులుపుకున్నాడు. వంగి, ముంతని మల్లయ్య బల్ల కింద, గోడవారగా జాగ్రత్తగా పెట్టాడు.

"అదేంటి బాబాయ్, తిమింగలానికి దాచావా?" అన్నాను.

ఆయన నవ్వలేదు. "ఓడ సంగతి వేరే తల్లీ. ఓడ దిగితే ఆ మొహాలు మళ్ళీ చూడం. ఇక్కడ రేపు మళ్ళీ పనికి రావాలి కదా."

లేచిన ఇద్దరూ మెల్లగా కూర్చున్నారు. ఒకడు తన ముంత కూడా బల్ల కిందికి జరపబోయాడు.

"ఆగరా," అంది ఆరోగ్యం అత్త వాడితో. తర్వాత తమ్ముడి వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. "చిన్నోడా, నువ్వు ఓడెక్కలేదు. మద్రాసు రేవు గేటు దగ్గర జవాను, అదక్కడ పెట్టు అని వేలు చూపిస్తే జాడీ పెట్టేసి, మళ్ళీ అడగడానికి భయపడి ఆ రాత్రి బండికే వెనక్కొచ్చావు. నీతో వాగను వెంట వచ్చిన మేస్త్రీ ఆ వారమే చెప్పాడు నాకు. అందులో ఉన్నది వైనూ కాదు, ఏమీ కాదు. నేను కలిపిన ఆవకాయ."

మల్లయ్య గిన్నెలో గరిటె తిప్పడం మానేశాడు.

"జాడీ పోతే పోయింది, నాలుగేళ్ళయి నేనడిగానా? నువ్వు ఏ సముద్రం తిరిగినా నవ్వుకుంటూనే విన్నాను. ఇవాళ నవ్వు రావడం లేదురా. వీళ్ళు నీ నోరు చూసి లేచారు. నీ చెయ్యి చూసి ముంతలు దింపేస్తున్నారు."

నా నాలిక చివర ఇంకో వేళాకోళం సిద్ధంగా ఉంది. మింగేశాను. బాబాయి మొహం చూస్తే ఎవరైనా మింగేస్తారు. పది ఊళ్ళకి సరిపడా మాటలున్న మనిషి, బల్ల కింద ముంత వైపు చూస్తున్నాడు.

వంగాడు. ముంత తీసుకున్నాడు. రెండు చేతులతో పొట్టకి ఆనించుకుని, అది తొణక్కుండా రోడ్డు దాటాడు.

నరసింహులు కర్ర అడ్డం పెట్టాడు. "ఏముందందులో?"

మేమంతా ముందుకు వంగాం. నిజం చెప్పాలంటే నరసింహులు కూడా వంగాడు. ఏమొస్తుందో ఆ నోట్లోంచి? సింగపూరు మందో, తిమింగలం పాలో!

"తరవాణి," అన్నాడు బాబాయి. "నాది. ఎండెక్కాక తాగుతాను."

కర్ర కదల్లేదు. బాబాయీ కదల్లేదు. ఆరోగ్యం అత్త ముంత నెత్తికెత్తుకుని వెళ్ళి ఆయన వెనక నిలబడింది. ఆవిడ వెనక నేను. నా వెనక, ఇందాక లేచి కూర్చున్న ఇద్దరూ, వాళ్ళ వెనక మిగతా అందరూ. నరసింహులు ఒక్కొక్కర్నే ఏముందని అడిగాడు, ఒక్కొక్కరూ తరవాణే అన్నారు. పధ్నాలుగోసారి కూడా అదే మాట విన్నాక కర్ర తీసి గోడకి ఆనించాడు.

"మరి కాంట్రాక్టరు గారడిగితే నన్నేం చెప్పమంటావు రాయప్పా?"

బాబాయి ఆగి, ఛాతీ పొంగించి, ఇంత నోరు తెరిచాడు. అత్త వైపు ఓసారి చూశాడు.

"ఉన్నది ఉన్నట్టు చెప్పు," అని లోపలికి నడిచాడు.