అందరిదీ మూడే

వరదకు ఇళ్లు పోయినవాళ్లంతా తలదాచుకున్న బడి గది అది. అభివృద్ధి, సంక్షోభాల మీద ఎం.ఏ. చేస్తున్న అమ్మాయి, చిన్నపిల్లల బెంచీ మీద మోకాళ్లు ముడుచుకుని ఒక పెద్దావిడ ఎదురుగా కూర్చుంది. ఆమె పరిశోధనకు ఇదే చివరి ఇంటర్వ్యూ.

"నిద్ర సంగతి అడుగుతావు కదా? మూడు రాసుకో."

"నేనింకా అడగనేలేదు పిన్నిగారూ!"

"ఇదే అడగడానికి వచ్చినవాళ్లలో నువ్వు ఏడోదానివమ్మా. ఒకటంటే అసలు పట్టట్లేదని, ఐదంటే హాయిగా పడుతోందని. నాకు కంఠతా వచ్చేసింది."

"ఇక్కడ అందరూ మూడే చెప్పారు. విచిత్రంగా ఉంది."

"విచిత్రమేముంది? నేనే చెప్పమన్నా."

అమ్మాయి రాస్తున్న కలం పక్కన పెట్టేసింది.

"ఎందుకండీ?"

"మొదట వచ్చిన పిల్లకి ఒకటని చెబితే వెక్కి వెక్కి ఏడ్చింది. దాన్ని ఊరుకోబెట్టేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. తర్వాత వచ్చినతనికి ఐదంటే నమ్మలేదు, గుచ్చి గుచ్చి అడిగాడు. మూడంటే మాత్రం బుద్ధిగా రాసుకుని పోతారు."

"ఆ మూడుని నమ్ముకుని నేనొక అధ్యాయం రాసేశాను పిన్నిగారూ. ఇక్కడివాళ్లు త్వరగా తేరుకుంటున్నారని."

"అయ్యో తల్లీ! ఇప్పుడది తీసేస్తే నీ చదువు ఆగిపోతుందా?"

"ఆగదు. ఆర్నెల్లు వెనకబడుతుంది."

"అయితే మూడే ఉండనీ. నా మూలంగా నీకెందుకమ్మా ఇబ్బంది?"

"వద్దండీ. నేను ఏడవను. నిజంగా ఎంతో చెప్పండి."

పెద్దావిడ అమ్మాయి చేతిలోని కాగితం తన వైపు తిప్పుకుంది.

"ఒకటి కన్నా తక్కువ అంకె ఏదీ పెట్టలేదేమ్మా మీ కాగితంలో?"