బాలింత వాసనొచ్చిన పైల్వాను

"జేజీ, ఆళ్ళగడ్డ కుస్తీకి ముందు జేజినాయన భుజం సరిచేసింది నువ్వేనంట గదా? నాయన చెప్పినాడు. ఆ సంగతి చెప్పు."

మీ నాయనకేం తెలుసురా, అప్పటికి పుట్టినాడా ఏమన్నా! సరే, కూచో. నా మాటలు పట్టుకునే ఆ ఫోను ఆడ పెట్టు. నోటికాడ పెట్టాకు, నాకు మాట రాదు.

అది... కర్నూలు రాజధాని అయింది చూడు, దాని తర్వాత రెండేండ్లకో మూడేండ్లకో. నాకు పెండ్లయి దొర్నిపాడు నుంచి నంద్యాలకు వచ్చి కొన్నాళ్ళే. మీ జేజినాయన అప్పటికే పేరుండే పైల్వాను. పేరుంటే ఏం లాభం, నాకు మొగం కనపడేదే లేదు. ఎందుకంటే వాళ్ళ గరిడీలో ఒక కట్టుబాటు ఉండె. గరిడీ అంటే కుస్తీ నేర్చుకునే కొట్టం, కుందూ ఏటి ఒడ్డున ఉండె. నేర్పేది ఉస్తాదు ఖాసీం తాత. ఆయప్ప పెట్టిన కట్టు ఏందంటే, కుస్తీల కాలం మొదలైతే ఉగాది దాకా పైల్వాన్లందరూ గరిడీలోనే పండుకోవల్ల. పెండ్లయినోడైనా సరే. పెండ్లాం చెయ్యి ఒంటిమీద పడకూడదు. పడిందా, వానికి ఆ యాడాది కుస్తీ లేదు. ఒంట్లో బలం పోతాదంట! యాడికి పోతాదో ఆయప్పనే అడగల్ల.

ఇంట్లో నేను, మా అత్త, ఇద్దరమే. మా అత్తను నువ్వు చూళ్ళేదు గానీ, మనిషి ఇంత పొట్టి, గొంతు మాత్రం బస్టాండు దాకా ఇనపడేది.

ఒకరోజు మజ్జాన్నం ఆయన పాలు తాగను వచ్చినాడు. పాలకు మాత్రం ఇంటికి వచ్చేటోడులే, అంతే. వచ్చినోడు చెంబు ఎడమచేత్తో అందుకున్నాడు. మా అత్త ఊరుకుంటాదా?

"కుడిచెయ్యి ఎత్తు."

"ఏం లేదమ్మా."

"ఎత్తరా అంటాంటే!"

ఎత్తినాడు. చెవి దాకా గుడక పోలే, మొగం ఇంత చేసుకున్నాడు. సాధనలో ఎవడో చెయ్యి మెలి తిప్పినాడంట, భుజం పట్టేసింది. ఉస్తాదుకు చెప్పలే. చెప్తే ఆళ్ళగడ్డ తిరునాళ్ళలో ఈయన్ను దింపడు, ఇంకొకన్ని దింపుతాడు. ఈయనకు జత ఎవరంటే చాగలమర్రి ఓబులేసు. ముందు యాడాది అందరి ముందర ఈయన్ను ఎల్లెలకల ఏసింది వాడేలే. ఆ పొద్దు నుంచి ఈయనకు తిన్నా ఓబులేసే, పండుకున్నా ఓబులేసే.

"గరిడీలో మాలీసు చేయించుకోరాదా?" అనె మా అత్త.

"మాలీసు చేసేదే ఉస్తాదు గదమ్మా. చెయ్యి పెడితే తెలిసిపోతాది."

అప్పుడు మా అత్త నా తట్టు తిరిగింది. మా అమ్మ చూడు, దొర్నిపాడులో బాలింతలకు, పసిబిడ్డలకు ఒళ్ళు పట్టి నీళ్ళు పోసేది. దుడ్లకు గాదు, మా వాళ్ళల్లో ఎవరింట్లో కాన్పయినా మా అమ్మనే పిలిచేటోళ్ళు. నేను ఎనక పోయి పోయి నేర్చుకుంటి. ఆ సంగతి మా అత్తకు తెలుసు.

"నాకు బాలింతలకు పట్టేదే వచ్చు అత్తా," అంటి.

"వీడేం తక్కువ? కవల పిల్లల్ని కన్నోని మాదిరి మూల్గుతాండాడు. పట్టు."

"అమ్మా, గరిడీ కట్టు!" అంటాడు ఆయన.

"కట్టూ లేదు గిట్టూ లేదు. నిన్ను కన్నది నేనా, ఉస్తాదా?"

ఇంకేముంది. నీళ్ళు పోసుకునే బచ్చలింట్లో పీటేసి కూచోబెడ్తిమి. ఆముదం కాంచి, గోరువెచ్చగ చేసుకోని, చెయ్యి నా కాళ్ళమీద పరుచుకుంటి. నొప్పి ఉండే చోట ముట్టనే లే. మా అమ్మ అట్ల నేర్పింది. నొప్పికాడికి దూరం నుంచి రావల్ల. నడుముకాడ మొదలుపెట్టి, ఈపు మీదుగా, మెడ కిందికి... ఇదో ఈడ, రెక్క ఎముక అంచుకు బొటనేలు పెడితే దొరికింది. చింతగింజంత ముడి! దాన్ని గుంజకూడదు, పిసకకూడదు. ఒత్తి పట్టుకోని ఉండల్ల, అదే మెత్తబడేదాకా.

అరిసినాడు చూడూ! అంత మనిషి, గుండ్రాయి ఎత్తేటోడు! మా అత్త పరిగెత్తి పోయి రోట్లో పొత్రం తిప్పబట్టె. ఉత్త రోలు. గరగరగర. పక్కింటి రామక్క గోడ మీద నుంచి తల పెట్టి,

"ఏమ్మా, ఈ పూట రుబ్బుతాండావే, ఏందీ?"

"పప్పు!"

"మరి అరుస్తాండేదెవరు?"

"పప్పు రోంత గట్టిగుందిలే!"

అయ్యో... ఉండు, నవ్వితే దగ్గొస్తాది నాకు. ఆఁ. అప్పుడు ఆయన నాతో మాట్లాడినాడు. పెండ్లయినాక సూటిగ నాతో ఆడిన మొదటి మాట, "ఇవి చేతులా, పటకారులా?" అని. "పసిబిడ్డలు గుడక ఇంత ఏడవరు," అంటి నేను. ఆయన అవతలికి తిరిగి నవ్వినాడు. మొగం కనపళ్ళేదు గానీ, నవ్వుకు భుజం అదిరింది, నా చేతికి తెలిసె.

పట్టడం అయినాక వావిలాకు కాంచిన నీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ పెట్టి మీద గంప బోర్లిస్తిమి. అప్పుడు అర్ధణాకే గుప్పెడు సాంబ్రాణి ఇచ్చేటోడు శెట్టి, అదీ ఇప్పటి మాదిరి పొట్టు గాదు. "ఇదెందుకు నాకు?" అని గంపలో నుంచి అడుగుతాండాడు. "నాకు ఇట్లనే వచ్చు. ఒకటి తీసేస్తే ఇంకోటి మర్చిపోతా," అంటి.

రోజూ వచ్చె. చెయ్యి చెవి దాటె, తల దాటె. పాలు తాగేదానికి ఇంతింత సేపు పడ్తాంటే, "మీ ఇంట్లో ఎనుములు ఎన్నుండాయిరా?" అని అడిగినాడంట ఉస్తాదు.

కుస్తీ పొద్దు మేం ఎద్దుల బండి కట్టుకోని ఆళ్ళగడ్డకు పోతిమి. ఆడోళ్ళం బండ్లల్లోనే కూచోని చూసేది, దూరంగ. గరిడీ వాళ్ళు ముందే పోయినారు... కాదు కాదు, ముందు ఆయన మా ఇంటికి వచ్చినాడు, దండం పెట్టుకోను. ఆ పొద్దు సాంబ్రాణి వద్దత్తా అని నేను చెప్తానే ఉండా. ఇనలే. దిష్టి తగుల్తాదని ఇంకా రెండింతలు ఏసింది.

ఇంక ఆడ ఏం జరిగిందంటే, ఇది ఆయన నాకు తర్వాత చెప్పిందే. ఉస్తాదు ఈయన ఈపుకు మన్ను పూస్తా పూస్తా నిలబడిపోయినాడంట. మెడకాడ వాసన చూసినాడు. తలకాడ చూసినాడు.

"అరే, పైల్వాను వాసన గాదే ఇది. బాలింత వాసన!"

గరిడీ అంతా పక్కున నవ్వినారు. ఈయన నవ్వలే. అబద్ధం చెప్పడం రాదు ఆయనకు, ఉన్నదున్నట్టు చెప్పేసినాడు. అందరి నవ్వూ ఆగిపోయె. ఉస్తాదు ఆ చెయ్యి పట్టుకోని ఎత్తి, దించి, సుట్టూ తిప్పి చూసినాడంట. తిన్నగ మా బండికాడికి వచ్చినాడు.

నేను కొంగు తలమీదికి లాక్కుంటి. మా అత్త గుడక నా ఎనక్కు జరిగింది, చూడు మరి! ఆ తాత నా తట్టు చూడకుండా, ఎద్దులతో మాట్లాడినట్టు, ఆ తట్టు తిరిగి అడిగినాడు.

"బేటీ, చెయ్యి పెట్టింది నువ్వు. నీకే తెలుస్తాది. వాన్ని దింపొచ్చునా?"

ఏం చెప్పల్ల చెప్పు? వద్దంటే, యాడాది పొడుగునా ఎదురు చూసినోడు, నా వల్ల ఆగిపోయిందని బతికినంత కాలం మనసులో పెట్టుకుంటాడు. దింపమంటే, చెయ్యే పోతే? కాడి పట్టల్ల ఆ చెయ్యి, ఇల్లు జరగల్ల. అప్పుడు మెల్లగ నా చేతులు చెప్పిందే చెప్తి.

"ముందుకు ఎంత బలంగైనా పోతాది తాతా. ఎనక్కు మెలి తిప్పితే నిలవదు."

తలూపి పోయినాడు.

డప్పులు మొగినాయి. ఓబులేసు అంటే... మనిషా వాడు! ఎట్ల తెలిసెనో ఏమో, ఆ చేతికోసమే సుట్టూ తిరుగుతాండాడు. ఈయనేమో రెండు చేతులూ ముందరే పెట్టుకోని ఆబోతు మాదిరి తోస్తాండాడు. ఒకసారి దొరకబట్టినాడబ్బా వాడు! చెయ్యి ఎనక్కు పోతాంది, నేను బండి పలుపు పట్టుకోని కండ్లు మూసుకుంటి. తెరిచి చూస్తే ఈయన బోర్లా పడి, చెయ్యి పొట్ట కింద పెట్టుకోని, బల్లి మాదిరి నేలకు అంటుకోని ఉండాడు. తిప్పను వాని వల్ల కాలే. మళ్ళా లేసె, మళ్ళా తోసె. పొద్దు మునిగింది, ఎవరూ పడలే. బరాబరని చెప్పినారు, ఇద్దరూ సమానమని. ఓబులేసే వచ్చి ఈయన్ను ఎత్తుకున్నాడు. "ఏమప్పా, భుజం పోయిందనిరి, యాడ పోయింది?" అని. జనం ఈలలు, కేకలు! మా అత్త బండిమీద నిలబడి, "నా కొడుకు, నా కొడుకు" అని అరిసిన అరుపుకు ఎద్దులు బెదిరినాయి.

అప్పుడు ఉస్తాదు అందరినీ పిలిచి తీర్పు చెప్పినాడు. "కుస్తీ బాగ చేసినాడు, కాదనను. కానీ కట్టు తప్పినోడు తప్పినట్టే. ఇంక ఉగాది దాకా వీడు గరిడీలో పండుకోకూడదు. పగలు రావల్ల, సాధన చెయ్యల్ల, పొద్దుమునిగితే ఇంటికి పోవల్ల. ఇదే శిక్ష." మొగం గంటు పెట్టుకోనే చెప్పినాడంట, మీసం మాత్రం కదుల్తాండెనంట.

అందరూ అయ్యో పాపం అనిరి. వాళ్ళల్లో ఒకడు, వానికీ కొత్తగ పెండ్లయింది, ముందుకొచ్చి, "ఉస్తాద్, నేను గుడక కట్టు తప్పినా," అనె!

ఈయన తిరునాళ్ళకు ఎంట తెచ్చుకున్న చాప చుట్టుకోని తల వంచుకోని వస్తాండాడు. చూసేటోళ్ళకు ఎవరో పోయినట్టుంది ఆ మొగం. బండెక్కి, ముందర కూచోని, పగ్గాలు పట్టుకోని, ఊరు దాటేదాకా అట్లనే ఉండాడు. ఊరు దాటినాక... ఒకటే నవ్వు. ఆపుతాడు, నన్ను చూస్తాడు, మళ్ళా నవ్వుతాడు. మా అత్త మూట మీద తల పెట్టుకోని నిద్దర పోయినట్టు పండుకుంది. నిద్దరా గిద్దరా ఏం లేదు, నాకు తెలుసు. నంద్యాల వచ్చేదాకా ఆమె నోరు తెరవకుండా ఉండింది ఆ ఒక్క రాత్రే.

అట్ల వచ్చినాడురా ఆయన ఇంటికి, చాప సంకలో పెట్టుకోని. ఆ తర్వాత ఏమైందంటే... ఏమవుతాది, మీ నాయన పుట్టినాడు. నవ్వు, నవ్వు. నీకు గుడక మంచి రోజులొస్తాయి. ఇంకా పెండ్లి కాలేదని దిగులు పడాకు. నీకు నొప్పి యాడుందో నువ్వు చెప్పకముందే తెలుసుకునే మనిషి దొరకల్ల నీకు, నువ్వూ ఇంకొకరికి అట్లనే ఉండల్ల. అంతే నేను కోరేది. సల్లగ ఉండు నాయనా. ఆ ఫోను ఇంకా నా మాటలు పట్టుకుంటాందా? ఆపు, ఆపు, ఇంక...