అమ్మలు ఉరికినంకనే

"అవ్వా, ఊరోళ్లంత నిన్ను మేనేజరమ్మ అంటరు గదా. గా పని నీకెట్ల దొరికింది?"

దొరుకుడేంది బిడ్డా, మెడకు వడ్డది. జర గా మాటలెక్కిచ్చే ఫోను దూరం వెట్టు, నా మూతి మీదికే తెస్తివి. మీ అమ్మ నిన్ను పోటీలకు పంపనన్నదని పొద్దుగాలకెల్లి మొఖం ముడుసుకొని కూసున్నవ్. లోకంల తల్లులందరిని ఒప్పిచ్చిన, నా ఇంట్ల నా కోడలే ఒప్పుకుంటలేదు, సూడు మల్ల. సరే, ఇను.

తెలంగాణ వచ్చిన కొత్తల. అప్పుడు మీ తాత ఉన్నడు, మగ్గం గూడ నడుస్తాంది. మా తమ్ముని కొడుకు రమేశు లేడా, పెద్దబడిల ఆటల సారు, ఒకనాడు బండేసుకొని వచ్చిండు. సంకల ఒక బంతి. బంతంటే గుండ్రంగ గాదే, పీసు దీసిన కొబ్బరికాయ లెక్క రెండు దిక్కుల మొనదేలి ఉన్నది. "అత్తా, గిది అమెరికోళ్ల ఫుట్‌బాలు. ఆడివిల్లల టీము వెట్టిన, హైదరాబాదుల పోటీలున్నయి. తోడు ఒక ఆడమనిషి లేకుంటే తోల్కపోనియ్యరు. నువ్వు మేనేజరుగ రావాలె" అన్నడు. "పోగులతుకుడు తప్ప నాకేమొస్తదిరా?" అన్న. "ఏం రాకున్నా నువ్వుంటే పిల్లలకు ధైర్నం" అన్నడు. హైదరాబాదు మల్లొకపారి సూడొచ్చని ఒప్పుకున్న, అబద్ధమెందుకు? ఎన్నడో పడుసుతనంల మీ తాతతోటి ఆడికి చీరలమ్మనీకె పోయేదాన్ని. అప్పుడు బస్సు కిరాయి ఎంతుండెనో... చాయి మాత్రం రూపాయే, గది యాదికున్నది. అగో, ముచ్చట యాడికో పోతాంది.

నువ్వాడేదే గదా, నీకు తెలుసు. నడుముకు పట్టీ కడతరు, పట్టీకి రెండు దిక్కుల గుడ్డపీలికలు యాలాడుతయి. బంతి పట్టుకొని ఉరికేటోళ్ల పీలిక అవుతలోళ్లు గుంజితే ఆడ ఆగాలె. మాకు కొన్న పట్టీలు యాడియి? మగ్గం కాడ మిగిలిన ముక్కలతోటి నేనే కుట్టిన. ఆటకు అయిదుగురు గావాలె, మాకు ఉన్నదే అయిదుగురు. అండ్ల మమత, గొర్లు కాసే సైలమ్మ బిడ్డ. మంద ఎంబడి ఉరికిన కాళ్లాయె, దాన్ని అందుకునుడు ఎవ్వలతోని గాకపోయేది. అది లేకుంటే టీమే లేదు.

పోయే రోజు దగ్గరవడ్డంక సైలమ్మ పంపనన్నది. రమేశు వోతే తలుపు గూడ తియ్యలే. నేను వోయిన. "అక్కా, నీకన్న తెల్వదా? ఈడొచ్చిన పిల్ల నడుముకాడ గుడ్డ గుంజుడు ఒక ఆటనా? నలుగురేమంటరు?" అన్నది. ఉత్తగనే తిరిగొచ్చిన. నాకు గూడ గదే గుబులుండె, బిడ్డా.

తెల్లారి ఆళ్ల ఇంటి పక్కన గొర్ల దొడ్డి కాడికి మల్ల వోయిన. ఈపారి చెప్పుడు బందు వెట్టిన. చీర మీదికెల్లి నేనే పట్టీ కట్టుకున్న, బంతి సంకల వెట్టిన. "సైలూ, నువ్వే గుంజు సూద్దాం. గాని నన్ను ముట్టద్దు. మనిషిని ముడితే తప్పు, పీలికనే గుంజాలె" అన్న. "నీకు పిచ్చి లేసిందా అక్కా?" అన్నది. నేను ఉరికిన. ఉరుకుడంటే ఏముంది, బాతు నడిసినట్టు. దొడ్డి తిరిగేలోపట గుంజనే గుంజింది. నీళ్లకు వోయే ఇద్దరు ఆడోళ్లు, ఆళ్ల బిడ్డలు గూడ టీములనే ఉండిరి, బిందెలు కింద వెట్టి ఒకటే నవ్వుడు.

"ఏదీ, ఇటు తే" అని సైలమ్మ నా నడుముకున్న పట్టీ ఇప్పుకున్నది. కొంగు బిగిచ్చి, బంతిని అప్పుడే పుట్టిన గొర్రెపిల్లను వట్టినట్టు రొమ్ముకు అదుముకొని ఉరికింది బిడ్డా! మేం ముగ్గురం ఎంబడివడ్డం. గొర్లన్ని చెల్లాచెదురు. ఈ పక్క దొరికిందనుకుంటే నడుము తిప్పి ఆ పక్క పోతది. మమత గడప కాడ నిలవడి తల్లిని నోరు తెరుసుకొని సూస్తాంది. చెల్క గట్టు దాంక వోయి, ఆడ కూలవడ్డది. ఏమాయెనో అని బుగులువట్టి ఉరికినం. నవ్వుతాంది. నవ్వుకుంటనే కండ్లెంట నీళ్లు. "అక్కా, పెండ్లయినంక ఉరుకుడే మర్సిపోయిన" అన్నది.

జరసేపు ఊపిరి పీల్సుకొని, "ఒక్కలన్న నన్ను ముట్టలే గదా?" అన్నది. "ముట్టద్దు. ముడితే తప్పని సీటీ ఊది ఆట ఆపుతరు" అన్న. "గసుంటి కాడికైతే పంపుత" అన్నది.

గెలిసిన్రా అంటవా? మొదటి ఆట ఓడినం. మనోళ్లకు కబడ్డీల కాళ్లువట్టి కూలగొట్టుడు అలవాటాయె, ఈడ గూడ కూలగొడితిరి. సీటీ మీద సీటీ. రెండోది గెలిసినం. మమత ఇప్పుడు పాలమూరు దిక్కు గురుకులంల ఆటల టీచరు, నీకు ఎర్కనే.

ఒక్కసారికని వోయినదాన్ని, పోయినేడు మోకాళ్లు మొరాయించేదాంక నేనే మేనేజర్ని. జిల్లా టీముకు గూడ నన్నే వెట్టిరి. పిల్లలను ఎంచుడు, తిండి, బస్సు, డ్రెస్సులు, పక్క జిల్లోళ్లతోటి కొట్లాట, అన్ని నా మీదనే. ఎవలేమన్నా ఒక్క పద్ధతి మాత్రం ఇడువలే. బస్సెక్కే ముందు అమ్మలు ఉరకాలె. అమ్మలు ఉరికినంకనే పిల్లలు.

ఏందే, గట్ల సూస్తవ్? మీ అమ్మ గూడ సైలమ్మ అన్నదే అంటాంది గదా. దాని మీద కోపం వెట్టుకోకు, దాని గుబులు దానిది. నేనైతే ఇగ ఉరకలేను. ఆ సందుగ మీద పాత పట్టీ ఉన్నది, తే పో. బంతి గూడ తే.

కవితా! ఓ కవితా! జర ఆ పిండి చేతులు కడుక్కొని బయటికి రా తల్లీ. ఏం లేదు, నీ బిడ్డ నిన్ను పిలుస్తాంది. కొంగు చెక్కుకొని రా... ఆఁ, గట్ల. కట్టవే, మీ అమ్మకు పట్టీ కట్టు. సల్లగుండున్రి ఇద్దరు, మీ కాళ్లు సల్లగుండ. ఉరుకున్రి ఇగ, నేను సూస్త...