కాపలా కాసే బుర్ర

బందరులో డాక్టరమ్మ ఎదుట కూర్చుని, ఏడో నెల గర్భంతో ఉన్న లెక్కల లెక్చరర్ తన మీద తనే జోకులేసుకుంటోంది.

"కడుపుతోపాటు నా బుర్రక్కూడా స్కాన్ రాయండి డాక్టరు గారూ. నిన్న గుడివాడలో మా ఊరి బస్సనుకుని బంటుమిల్లి బస్సెక్కాను. పైగా దారి తప్పాడని డ్రైవరుతో దెబ్బలాడాను!"

"నిద్ర పడుతోందా?"

"క్లాసులో పడుతోందండీ, పాఠం చెప్తుండగా."

"కిందటిసారి బిడ్డ పోయింది ఏడో నెలలోనే కదమ్మా?"

ఎంత వెతికినా ఆమెకు జోకు దొరకలేదు.

"కదలకపోతే భయమండీ. కదిలితే, ఎందుకింత కదిలిందని భయం."

"బిడ్డ బాగుంది. మీ బుర్రా పాడవలేదు. దిగులుతో రాత్రీ పగలూ కాపలా కాస్తోంది, ఇక బస్సుల సంగతి దానికేం పడుతుంది? ఇంట్లో చెప్పారా?"

"మావారు బయటే ఉన్నారు. నేను నవ్వుతున్నానని ఆయనా నవ్వుతున్నారు." ఆమె కళ్ళు తుడుచుకుంది. "లోపలికి పిలవనాండీ?"