ఆ నలభై రెండు నిమిషాలు

వీధి గదిలో కుట్టు మిషన్, దాని పక్కన ముక్కాలి పీట. పీట మీద సర్వే అమ్మాయి, ఒళ్లో ట్యాబ్. ఎవరు ఫోన్ ఎంతసేపు చూస్తున్నారో ఆఫీసు యాప్ చెప్పే లెక్క సరిచూసుకోవడానికి రెండేళ్లుగా ఈ ఇంటికి వస్తున్న పిల్లే, ఈసారి మాత్రం వచ్చిన పని చెప్పలేక నీళ్లు నములుతోంది. దర్జీ ఆయన తలెత్తకుండా ఎవరి చొక్కాకో కాలరు కుడుతున్నాడు.

“అది కాదు బాబాయ్‌గారూ. నేనడిగేది మీ ఫోన్ సంగతి కాదు. పిన్నిగారి ఫోన్ సంగతి.”

“దానికేమైంది? లక్షణంగా ఉంది. పొద్దున్నే చార్జింగ్ పెట్టాను.”

“అదే. రోజూ పెడుతున్నారు. రోజూ నిండుతోంది. వాడకం మాత్రం సున్నా వస్తోంది.”

“వాడే మనిషి లేదు కదమ్మా.”

“తెలుసండీ. విన్న రోజే రావాల్సింది. ఏ మొహం పెట్టుకుని రావాలో తెలియక పోయిన నెల ఎగ్గొట్టాను.”

“వచ్చి మాత్రం ఏం చేస్తావ్‌లే.”

“ఆఫీసువాళ్లు పిన్నిగారి పేరు తీసేయమన్నారు. ఈ కాగితం మీద మీ సంతకం ఒకటి కావాలి.”

“ముందు ఈ సూదిలో దారం ఎక్కించి పెట్టు. నీవి కుర్ర కళ్లు.”

“ఇలా ఇవ్వండి. ఇంకో మాట, బాబాయ్‌గారూ. ఆఫీసులో ఓ అనుమానం వచ్చింది. రోజూ పొద్దున ఆరింటికి ఆ ఫోన్ లాక్ ఎవరో తీయబోతున్నారు. ఐదుసార్లు తప్పు గీత గీస్తారు, ఆగిపోతారు. మళ్లీ మర్నాడు ఐదుసార్లు. ముప్పై నాలుగు రోజులుగా ఇదే తంతు. ఫోన్ గాని ఎవరైనా ఎత్తుకుపోయారేమోనని...”

“ఎత్తుకుపోవడమేమిటి. నేనే.”

“మీరా?”

“తొమ్మిది చుక్కలమ్మా. ఎటు నుంచి ఎటు కలపాలో తెలిస్తే కదా. ముప్పై ఎనిమిదేళ్ల కాపురం. టేపు పెట్టకుండా ఆవిడ జాకెట్టు కొలత చెప్తాను. ఈ గీత మాత్రం తెలియదు. నా ఎదురుగానే తీసేది. నేను నా ఫోన్‌లో తల పెట్టి కూర్చుంటే ఆవిడ వేలు ఎటు పోతోందో ఏం చూస్తాను?”

“మీ అమ్మాయిగారికి తెలిసుంటుందేమో.”

“అమ్మాయిని అడగను.”

“ఎందుకండీ?”

“అడగనన్నానా. వదిలేయ్.”

“ఫొటోల కోసమైతే రిపేరు షాపులో...”

“ఫొటోలు నాకెందుకు? మొహం మర్చిపోయానా? అది కాదు గానీ, నీ దాంట్లో అన్నీ ఉంటాయి కదూ? ఏ నిమిషానికి ఎవరేం చేశారో?”

“ఏది తెరిచారు, ఎంతసేపు తెరిచారు, అంతే. మాటలూ మెసేజీలూ ఉండవు.”

“ఫోన్ చేస్తే?”

“చేసినట్టు ఉంటుంది. ఇంట్లోవాళ్లకా, బయటికా అని ఉంటుంది. కానీ ఒకరిది ఇంకొకరికి చెప్పకూడదు. ఉద్యోగం ఊడుతుంది. పిన్నిగారు కూడా అడిగేవారు కదా, గుర్తుందా? ‘మీ బాబాయ్ రోజుకెంతసేపు చూస్తున్నాడో చెప్పవే, ఆ లెక్క గోడకి అంటిస్తాను’ అని. చెప్పలేదని నాకు మూగమొద్దు అని పేరు పెట్టారు.”

“పెట్టింది. నువ్వు వచ్చినప్పుడల్లా ‘మూగమొద్దు వచ్చింది, దాచుకోండి ఫోన్లు’ అనేది.”

“చెప్పుంటే బాగుండేదేమోనండీ.”

“నువ్వు చెప్తే వినేవాణ్ణా? సరే, ఆవిడది చెప్పొద్దు. నాది నాకు చెప్పొచ్చుగా?”

“మీది మీకు చెప్పొచ్చు.”

“పోయిన నెల మూడో తారీఖు. మంగళవారం.”

“బాబాయ్‌గారూ, ఆ రోజు ఎందుకు?”

“నా లెక్కే కదా. చదువు.”

“పొద్దున... పది యాభై నుంచి పదకొండు ముప్పై రెండు దాకా. చిన్న వీడియోలు. నలభై రెండు నిమిషాలు.”

“ఎన్ని?”

“నూట పదహారు.”

“ఒక్కటంటే ఒక్కటి గుర్తులేదమ్మా. చివరిది కూడా గుర్తులేదు.”

“అదేమిటండీ? మీరు ఆ పూట నిద్రపోతున్నారని ఫోన్‌లో చెప్పారే అమ్మాయిగారు. ఒంట్లో బాగోక పడుకున్నారని, లేచి చూసేసరికి పిన్నిగారు...”

“అమ్మాయికి అలాగే చెప్పాను. నీతో అలా చెప్పడానికి లేదు. లెక్క నీ చేతిలో ఉంది.”

“అందుకేనా అమ్మాయిగారిని అడగనన్నది?”

“మిషన్ ఆపేస్తానుండు. మా ఇల్లు ఎన్ని ఇళ్ల కింద లెక్కన్నావు ఆమధ్య?”

“సుమారు నాలుగు వేలు. మీలాంటి ఇళ్లు నాలుగు వేలుంటే అందులోంచి మీదొకటి తీసుకుంటాం.”

“ఆ నలభై రెండు నిమిషాలూ కలిపారా అందులో?”

“కలిపేశారు. పోయిన వారమే నివేదిక బయటికొచ్చింది. అరవై దాటిన మగవాళ్లు చిన్న వీడియోలు చూడ్డం ఏడాదిలో సగానికి సగం పెరిగిందట. ఆఫీసులో కేకు కూడా కోశారు.”

“తిన్నావా?”

“తిన్నానండీ. నాకేం తెలుసు.”

“తినకేం చేస్తావ్. అయితే మీ ఆఫీసు లెక్కన ఆ పూట నాలుగు వేల మంది మొగుళ్లు చెవుల్లో వైర్లు దోపుకుని కూర్చున్నారు. పక్క గదుల్లో నాలుగు వేల మంది పెళ్లాలు...”

“అలా అనకండి. లెక్క అలా కాదు.”

“ఎలా అయితేనేం. ఫోన్ చేసిందమ్మా. ఆ గదిలోంచి ఈ గదికి. పది అడుగులుంటుందేమో.”

“పక్క గదిలోంచి ఫోనెందుకండీ? పిలవచ్చు కదా?”

“వినిపిస్తే కదా. అది మా ఇంట్లో అలవాటే. అన్నానికి రమ్మంటే ఒక రింగు. కుళాయి వచ్చిందంటే ఒక రింగు. ఆవిడ మొదట్లో గొంతు చించుకునేది. నేనే నేర్పాను, అంత అరవడమెందుకు, ఒక రింగివ్వు చాలని.”

“ఎత్తారా?”

“వీడియో మీద అడ్డంగా ఆవిడ పేరు పడింది. వేలితో తోసేశాను.”

“అయ్యో.”

“అన్నానికే అనుకున్నాను. కుళాయికే అనుకున్నాను. ఏదో ఒకటి, నూటికి తొంభైసార్లు అదేగా.”

“మరి లేచింది...?”

“చార్జింగ్ అయిపోయి లేచాను. దానికి మళ్లీ పెడదామని లోపలికెళ్లాను. లేకపోతే ఇంకో గంట కూర్చునేవాణ్ణి. మంచం పక్కన కింద కూర్చునుంది, తల పరుపు మీద ఆనించుకుని. ఫోన్ చేతిలోనే ఉంది.”

“బాబాయ్‌గారూ, కాసిని మంచినీళ్లు తాగండి.”

“నీళ్లు తర్వాత. విను. అందుకే తల్లీ ఆ గీత కోసం చస్తున్నాను. నేను ఎత్తకపోయాక ఎవరికి చేసిందో చూడాలి. ఊరుకునే మనిషి కాదు. పక్కింటావిడకి చేసుంటుంది, ఆవిడ ఆ రోజు పనిలోకి పోయింది కదా, వినుండదు. ఆస్పత్రికి చేసుంటుంది, ఆ నంబరు నేనే పెట్టిచ్చాను. నన్ను నానా తిట్లూ తిట్టుకుని అయినా సరే, ఎవరో ఒకరికి చేసుంటుంది. ‘ఈయన రాడులే’ అనుకునుంటుంది. అనుకుంటే నాకు అదే పదివేలు. ఆ ఒక్కటీ చూడు. సంతకం పెట్టేస్తాను.”

“చూపించకూడదండీ.”

“చూపించకు. చదువు.”

“అదీ కూడదండీ.”

“నీ కాళ్లు పట్టుకోమంటావా?”

“అంత మాటనకండి. తలుపు వేసి వస్తాను. ...మూడో తారీఖు. పది యాభై మూడుకి ఇంట్లో నంబరుకి కాల్. ఐదు సెకన్లు. అది మీకే.”

“నాకే. తర్వాత?”

“పది యాభై ఆరుకి స్క్రీన్ వెలిగింది. ఏదీ తెరవలేదు. ఆరిపోయింది. పది యాభై తొమ్మిదికి వెలిగింది, ఆరిపోయింది. పదకొండు రెండుకి మళ్లీ. టైమ్ చూసుకున్నట్టున్నారు. అలాగే పదకొండు పద్దెనిమిది దాకా, రెండు మూడు నిమిషాలకోసారి. ఆ తర్వాత ఏమీ లేదు.”

“ఫోన్ కాల్?”

“లేదండీ. ఇంకెవరికీ చేయలేదు.”

“సరిగ్గా చూడు. నీవి కుర్ర కళ్లు.”

“రెండుసార్లు చూశాను బాబాయ్‌గారూ. పక్కింటికి లేదు, ఆస్పత్రికి లేదు. మీకు కూడా మళ్లీ చేయలేదు.”

“చేయలేదా.”

“నా మాట వినండి. ఇది ఒకందుకు మంచిదే అనుకోండి. తట్టుకోలేనంత నొప్పి వస్తే మనిషి ఊరుకుంటుందా? పది మందికి చేస్తుంది. చేయలేదంటే అంత బాధ పడలేదనే అర్థం. కాస్త నలతగా ఉండి కూర్చున్నారు, కూర్చున్నచోటే వెళ్లిపోయారు. మీరు అనవసరంగా మనసు కష్టపెట్టుకుంటున్నారు.”

“కాగితం ఇలా ఇవ్వు.”

“ఇదిగోండి. ఇక్కడ, కింద.”

“నువ్వు మంచిదానివమ్మా. కానీ అది కాదు.”

“మరేమిటండీ?”

“ఫోన్ తోసేశాక ఒక చెవిలో వైరు తీసి ఇక్కణ్ణుంచే కేకేశాను, ‘వస్తున్నా’ అని. వస్తున్నానన్నాక, ఇంకెవరికి చేస్తుంది?”