ధర రాయని బోర్డు

కొత్త స్పోర్ట్స్ కారు మీద కప్పిన గుడ్డ రేపు పొద్దున తీస్తారు. పక్కన ధర బోర్డు మాత్రం ఇంకా ఖాళీగానే ఉంది. కారు తయారుచేసిన చెల్లెలూ, దాన్ని అమ్మిపెట్టాల్సిన అన్నయ్యా దాని ముందు నిలబడి వాదించుకుంటున్నారు.

“ఎదురు షోరూము వాళ్లకంటే పావు వంతు తగ్గిద్దామే. లేకపోతే కొత్తవాళ్లం, మన మొహం ఎవరు చూస్తారు?”

“తగ్గిస్తే చూస్తారన్నయ్యా. ఎక్కడ నాసిరకం వేశామా అని వెతికి వెతికి చూస్తారు.”

“వాళ్లది ముప్పై ఏళ్ల పేరు!”

“అందుకే పేరుకి కొంత, కారుకి కొంత పుచ్చుకుంటున్నారు. మనం మొత్తం కారులోనే పెట్టాం.”

“ఒక్కడూ కొనకపోతే?”

“నీ ధరకి అమ్మాలంటే ఈ బ్రేకులు పీకేసి చవకవి బిగించాలి. బిగిస్తా. మొదటి కారు నీ కూతురికిస్తావా?”

“దాని ఊసు ఎందుకిప్పుడు?”

“కొనేవాళ్లకీ కూతుళ్లుంటారు కాబట్టి.”

“సరే తల్లీ, నీ ధరే కానియ్. కాకపోతే అడుగున, చిన్న అంకెల్లో రాద్దాం.”

“ఆ మార్కర్ ఇలా ఇవ్వు, స్టూలు ఇటు లాగు. బోర్డంతా నిండేలా రాస్తా. రోడ్డవతల వాళ్లు కుర్చీలోంచి లేవకుండానే చదువుకోవాలి.”